బొట్టు పెట్టిన రాయి

యానాంలో రాళ్ళుండవు.

గోదావరి తెచ్చి పోసిన మట్టిమీద కట్టుకున్న ఊరది. ఎంత లోతు తవ్వినా ఒండ్రుమట్టి, ఇసక, నీళ్ళు. గోడకి రాయి కావాలంటే లారీలో రావాలి. రోడ్డుకి కంకర కావాలన్నా అంతే. పక్కింటి చెట్టుమీద మామిడికాయ కొట్టాలంటే పిల్లలు ఇటుకముక్క కోసం వీధంతా వెతుక్కోవాలి. ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు చేపని తోక చూసి పేరు చెప్పేస్తారుగానీ, రాళ్ళు మాత్రం వాళ్ళ కంటికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

ఆ ఊళ్ళో కనకాలపేటలో ఉండే ప్రసన్న కూడా అంతే. వాళ్ళ నాన్నకి రెండు రొయ్యల చెరువులున్నాయి. గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుందంటే కిలోకి ఎన్ని తూగుతాయో కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. కాటా పెట్టి చూస్తే ఒకటో రెండో తేడా, అంతే. కొనడానికొచ్చిన వ్యాపారులు కూడా "పాపగారి చెయ్యి పడితే ఇంక కాటా ఎందుకండీ" అనేవారు.

ఆ చెయ్యే ఆమెని మోసం చేసింది.

ప్రసన్నకి ఇరవైమూడేళ్ళు. మనిషి అరచేతిలో ఇమిడేంత. అల్లరికి మాత్రం ఇల్లంతా చాలదు. ఇంటికొచ్చినవాళ్ళ చెప్పులు మాయమవుతాయి. కాఫీలో పంచదార బదులు ఉప్పు పడుతుంది. తర్వాత తనే వచ్చి చెప్పులు తొడుగుతుంది, తనే ఇంకో కాఫీ కలిపిస్తుంది. అందుకని ఎవరికీ కోపం నిలవదు. ఆ అల్లరికి అందరికంటే ఎక్కువ దొరికిపోయినవాడు గోపి. మేనత్త సత్యవతమ్మ కొడుకు. వరసకి బావ, మాఘమాసంలో మొగుడు కాబోతున్నవాడు. దరియాలతిప్ప వైపు చెరువులకి మేతా మందులూ చూసుకునే ఉద్యోగం. పొడుగ్గా, నిదానంగా ఉంటాడు. తాంబూలాలు పుచ్చుకున్న రోజున ప్రసన్న అతని చెప్పుల్లో ఒకటి దాచేస్తే, ఒంటి చెప్పుతోనే బండి తోలుకుంటూ ఇంటికి పోయాడు. మర్నాడు ఫోన్ చేసి అన్నదల్లా ఒక్కటే మాట.

"ఓయ్ రొయ్యా! నాకూ ఓ రోజొస్తుంది, చూస్కో."

ఆమెని 'రొయ్యా' అని పిలిచే మనిషి ఈ భూమ్మీద అతనొక్కడే.

గోపికి కొండలంటే పిచ్చి. చదునైన ఊళ్ళో పుట్టినందుకేమో మరి. ఖాళీ దొరికితే ఫోన్లో కొండలెక్కేవాళ్ళ వీడియోలు చూస్తూ కూర్చుంటాడు. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఏజెన్సీలో ఉన్న జెండాకొండ ఎక్కుదామని పట్టుబట్టాడు. రంపచోడవరం దాటి ఇంకా లోపలికి పోవాలట. మరీ ఎత్తేం కాదట. ఒకప్పుడెప్పుడో తెల్లదొర పైన ఇటుకలతో దిమ్మ కట్టించి జెండా ఎగరేశాడట. మబ్బు లేకపోతే అక్కణ్ణించి గోదావరి కనిపిస్తుందట.

ప్రసన్న స్నేహితురాలు సుమ, ఆమె మొగుడు దుర్గాప్రసాద్ కూడా వస్తామన్నారు. కారు వాళ్ళదే. బయల్దేరేముందు సత్యవతమ్మ గుమ్మంలో నిలబడి, "ఒసే ప్రసన్నా, నీ అల్లరి అక్కడ చెయ్యకే. వాణ్ణి జాగ్రత్తగా తీసుకురా" అంది.

"అలాగే అత్తా. సంచిలో వేసుకుని మరీ తెచ్చేస్తాను" అంది ప్రసన్న.

అందరూ నవ్వారు. గోపి కూడా నవ్వాడు.

*

కొండకింద పదిళ్ళ ఊరు. దారి చూపించడానికి లచ్చిరెడ్డి అనే ఆయన వచ్చాడు. యాభై దాటుంటాయి. చేతిలో కత్తి, కాళ్ళకి చెప్పుల్లేవు, నోట్లో మాట తక్కువ. ఊరు దాటగానే చిన్న వాగు. వాగొడ్డున నల్లటి బండ. ఆయన వాగులో చెయ్యి పెట్టి గుండ్రటి రాయొకటి తీసి బండమీద పెట్టాడు.

"మీరూ తలా ఒకటి పెట్టండి."

"ఏంటండీ ఇది, ఎంట్రీ టికెట్టా?" అన్నాడు దుర్గాప్రసాద్.

"కొండకి చెప్పి ఎక్కాలి బాబూ. రాయి కింద ఉంటేనే మనిషి కిందికొస్తాడు. వచ్చాక ఎవరి రాయి వాళ్ళు తీసి వాగులో వేసెయ్యాలి."

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ. ఎవరిది ఏదో ఎలా తెలుస్తుంది?" అంది సుమ.

లచ్చిరెడ్డి మొదటిసారి నవ్వాడు. "రాయికీ రాయికీ తేడా తెలీదా? ఏ ఊరమ్మా మీది?"

నలుగురూ నాలుగు రాళ్ళు పెట్టారు. ప్రసన్న గోపి రాయిని చేతిలోకి తీసుకుని, నుదుటిమీది ఎర్ర బొట్టు ఊడదీసి దానికి అంటించింది. స్టిక్కర్ బొట్టు.

"ఇప్పుడు తేడా తెలుస్తుందిలెండి. మా బావని పెళ్ళికూతుర్ని చేసేశాను."

"నీ బొట్టు నాకిచ్చేసి నువ్వు ఉత్తి నుదురుతో ఎక్కుతావా?" అన్నాడు గోపి.

"నాకేం తక్కువ, అట్టంతా ఉంది" అని సంచిలోంచి బొట్టుబిళ్ళల అట్ట తీసి ఇంకోటి పెట్టుకుంది.

నాలుగడుగులు వేశారో లేదో, "అయ్యో, నీళ్ళసీసా మర్చిపోయా" అంటూ వెనక్కి పరిగెత్తింది ప్రసన్న. సీసా సంచిలోనే ఉంది. ఆమె వెళ్ళింది రాయి కోసం. బొట్టున్న రాయిని తువ్వాల్లో చుట్టి పులిహోర డబ్బా కిందికి తోసేసింది. సాయంత్రం దిగొచ్చాక అతను బండ చుట్టూ తిరుగుతూ వెతుక్కుంటుంటే చూడాలి. "కొండ నిన్ను ఉంచేసుకుంది బావా" అనాలి. ఆ మొహం చూసి నవ్వుకోవాలి. తర్వాత ఎలాగూ ఇచ్చేస్తుంది.

ఎప్పుడూ ఇచ్చేస్తూనే ఉంది కదా.

*

రెండున్నర గంటలు పట్టింది ఎక్కడానికి. మొదట వెదుళ్ళు, తర్వాత రాలిన ఆకులమీద జారుడు దారి, ఆపైన రొమ్ముదాకా గడ్డి. దుర్గాప్రసాద్ మూడుచోట్ల కూలబడి "ఇంకెంతండీ" అన్నాడు. లచ్చిరెడ్డి మూడుసార్లూ "వచ్చేసిందండి" అన్నాడు.

పైకి వెళ్ళాక మాత్రం నలుగురూ నిలబడి చూశారు. చుట్టూ కొండలు ఒకదాని వెనక ఒకటి, నీలంగా, చివరికి ఆకాశంలో కలిసిపోతూ. మధ్యలో ఇటుకల దిమ్మ. సగం కూలింది. నడిమధ్య తుప్పుపట్టిన ఇనపగొట్టం మొదలు. ఎంత ఎండ కాస్తున్నా దాని దగ్గర తడిసున్నం వాసన, నిన్ననే కట్టినట్టు.

గోపి చెయ్యి చాపి చూపించాడు. "అదిగోనే, గోదారి."

దూరంగా, రెండు కొండల సందులో, సన్నగా మెరుస్తోంది.

"ఇంత చిన్నదా?" అంది ప్రసన్న.

"నీ అంత ఉంది" అన్నాడు. తర్వాత మెల్లగా, మిగతావాళ్ళకి వినపడకుండా, "ఏటా ఒక కొండ ఎక్కుదామే. ముసలివాళ్ళమయ్యేదాకా. వస్తావా?" అన్నాడు.

"నువ్వు మోస్తే వస్తా."

"మోస్తా."

ఆ ఒక్క మాటనీ ఆ తర్వాత ప్రసన్న ఎన్నిసార్లు తల్చుకుందో లెక్కలేదు.

పులిహోర తిన్నారు. డబ్బా సర్దుతుంటే దిమ్మ వెనకాల గుట్టగా పోసిన రాళ్ళు కనిపించాయి ప్రసన్నకి. నున్నగా, గుండ్రంగా, వాగులో రాళ్ళలాంటివే. ఎంత ముద్దొచ్చాయో! చేతికందినదొకటి తీసి సంచిలో వేసుకుంది. యానాంలో ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయి? టీవీ పక్కన పెట్టుకోవచ్చు.

"ఈ రాళ్ళేంటండీ, ఇంత పైకి ఎవరు తెచ్చారు?" అని గోపి అడుగుతున్నాడు అవతల.

లచ్చిరెడ్డి చుట్ట ఆర్పేశాడు. "దిగనోళ్ళవి."

"అంటే?"

"దొర ఈ దిమ్మ కట్టించినప్పుడు ఇటుకలూ సున్నం మా ఊళ్ళవాళ్ళ నెత్తినెట్టి మోయించాడంట. మా ముత్తాత చెప్పేవాడు. జ్వరాలొచ్చాయి. పడిపోయినోళ్ళని పడిపోయినట్టే వదిలేశారు. కింద బండమీద వాళ్ళ రాళ్ళు మిగిలిపోయాయి." ఆయన గొంతు తగ్గించాడు. "రాయి కింద ఉంటే పైనున్నోడు దిగొస్తాడు బాబూ. సచ్చినా దిగొస్తాడు. వచ్చేది మాత్రం మనోడు కాదు. అందుకని మావాళ్ళు ఆ రాళ్ళన్నీ ఇక్కడికి తెచ్చి పోశారు. ఇవి ఇక్కడున్నన్నాళ్ళూ వాళ్ళూ ఇక్కడే ఉంటారు."

సుమ దుర్గాప్రసాద్ చెయ్యి పట్టుకుంది. ప్రసన్న చెయ్యి సంచిమీద ఉంది.

తియ్యాలి. తీసి గుట్టమీద పడెయ్యాలి. అందరూ చూస్తున్నారు. ఆయనేమంటాడో! దొంగలా దొరికిపోయినట్టుంటుంది. వాళ్ళు అటు తిరిగాక వేసేద్దాంలే అనుకుంది.

అంతలో లచ్చిరెడ్డి తల పైకెత్తి గాలి వాసన చూశాడు.

"మంచు దిగుతోంది. లేవండి. తొందరగా లేవండి."

*

మంచంటే యానాంలో తెల్లారగట్ల గోదారిమీద కనిపించేదే తెలుసు వాళ్ళకి. ఇది అలాంటిది కాదు. మధ్యాహ్నం మూడింటికి కొండ వెనకనించి లేచి, పాలు పొంగినట్టు వచ్చి మీద పడింది. పది నిమిషాల్లో ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

ముందు లచ్చిరెడ్డి. వెనకాల సుమ, దుర్గాప్రసాద్. తర్వాత ప్రసన్న. అందరికంటే చివర గోపి.

"బావా, ఉన్నావా?"

"ఉన్నానే రొయ్యా."

ఆకులమీద అతని బూట్ల చప్పుడు. ఆ చప్పుడు వింటూ నడిచింది. కాసేపటికి మళ్ళీ అడిగింది. మళ్ళీ "ఉన్నానే" అన్నాడు. ఈసారి కాస్త దూరంగా.

"తొందరగా రా బావా, ఆడపిల్లలా నడుస్తావేంటి?"

జవాబు ఆలస్యంగా వచ్చింది. పైనించి... బాగా పైనించి.

"వస్తున్నానే... దిగుతూనే ఉన్నా..."

ప్రసన్న ఆగింది. అంత పైన ఎందుకున్నాడు? ఇప్పుడే కదా వెనకాల...

"బావా!"

ఆకులమీద మంచు బొట్లు బొట్లుగా పడుతున్న చప్పుడు. ఆ తర్వాత గోపి గొంతు, చిన్నపిల్లాడి గొంతులా, దూరంగా...

"ప్రసన్నా... ఇదేంటే... మళ్ళీ దిమ్మ దగ్గరికే వచ్చాను..."

ఆమె వెనక్కి పరిగెత్తబోయింది. లచ్చిరెడ్డి జబ్బ పట్టుకుని ఆపాడు. ఎప్పుడు వచ్చాడో మరి.

"వదలండి! మా బావ..."

"పైకెళ్ళి లాభం లేదు. కిందికి పదండి. బండ చూడాలి."

ఆ మాట విన్నాకే ప్రసన్నకి గుర్తొచ్చింది. రాయి. తువ్వాల్లో రాయి.

ఎవరికీ చెప్పకుండా పరిగెత్తింది. వాన మొదలైంది. జారి పడింది, లేచింది, మళ్ళీ పడింది. వెనక సుమ ఏడుస్తోంది. దుర్గాప్రసాద్ "గోపీ! గోపీ!" అని అరుస్తున్నాడు. జవాబుగా గొంతొకటి వస్తూనే ఉంది, ప్రతిసారీ ఇంకొంచెం సన్నగా.

కిందికొచ్చేసరికి సాయంత్రమే చీకటి పడింది.

లచ్చిరెడ్డి బండమీద టార్చి వేశాడు. వేలితో లెక్కపెట్టాడు. నాలుగు. ఎక్కింది అయిదుగురు.

"ఎవరు తీశారు?" గొంతు గుసగుసలా ఉంది.

"నేనే..." అంది ప్రసన్న. "ఊరికే... ఆటకి..."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పెట్టు. తీసిన చెయ్యే పెట్టాలి. పెట్టు తొందరగా."

సంచి విప్పింది. వేళ్ళు మొద్దుబారిపోయాయి. డబ్బా, సీసా, తడిబట్ట... చేతికి తగిలింది. గుండ్రంగా, నున్నగా, చల్లగా. లాగి బండమీద పెట్టింది.

అయిదు.

నిలబడ్డారు. వాన ఆగింది. వాగు చప్పుడు ఒక్కటే. ఎంతసేపో తెలీదు. దుర్గాప్రసాద్ ఏదో అనబోతే సుమ అతని నోరు మూసింది.

అడుగులు.

పైనించి, ఆకులమీద. నెమ్మదిగా... బరువుగా... ఒక్కో అడుగూ కూడదీసుకుని వేస్తున్నట్టు.

"గోపీ!" అని దుర్గాప్రసాద్ ఎదురెళ్ళి పట్టుకున్నాడు. గోపీయే. అదే చొక్కా, అదే పొడుగు. సుమ ఏడుస్తూ నవ్వేసింది. ప్రసన్న అతని నడక చూసింది. అతని మెడ నిటారుగా ఉంది. కింద రాళ్ళున్నా చూసుకోవడం లేదు. నెత్తిమీద ఏదో ఉన్నట్టు, వంగితే పడిపోతుందన్నట్టు నడుస్తున్నాడు.

కాళ్ళకి బూట్లు లేవు.

లచ్చిరెడ్డి ఆ పాదాలమీద టార్చి వేశాడు. తర్వాత మొహంమీద. తర్వాత టార్చి ఆర్పేశాడు.

"అమ్మా," అన్నాడు ప్రసన్న చెవి దగ్గర, "నువ్వు పెట్టింది ఏ రాయి?"

"బావదే... బావ రాయే. బొట్టు తడికి ఊడిపోయుంటుంది."

మిగతా నలుగురి రాళ్ళూ వాగులో పడ్డాయి. గోపి మాత్రం ఏది తనదని ఎవర్నీ అడక్కుండా ఒక రాయి తీసుకుని పిడికిట్లో బిగించాడు.

"వాగులో వేసెయ్ బాబూ" అన్నాడు లచ్చిరెడ్డి, రెండడుగులు వెనక్కి వేసి.

గోపి వెయ్యలేదు. చుట్టూ చూశాడు. "ఇంకా కిందికి పోదాం" అన్నాడు.

"ఇదే కింద కదరా" అన్నాడు దుర్గాప్రసాద్ నవ్వుతూ.

"ఇంకా కిందికి."

దారంతా కారులో తడిసున్నం వాసన. సుమ అద్దాలు దించేసింది. అయినా పోలేదు.

*

యానాం ఎంతో సంతోషించింది. ముఖ్యంగా సత్యవతమ్మ.

"మావాడికి కొండెక్కాక బుద్ధొచ్చింది," అని వీధి వీధంతా చెప్పుకుంది. "పెట్టింది తింటున్నాడు. ఉప్పు లేకపోయినా తింటున్నాడు. ఫోన్ ముట్టుకోడు. పనికెళ్తే వొంచిన తల ఎత్తడంట."

తల వంచడం కాదు. అసలు వంచడు. అది ప్రసన్న చూసింది. చెరువుగట్టుమీద మేత బస్తాలు దింపుతున్నారు ఒకరోజు. ఎప్పుడూ పక్కన నిలబడి లెక్క రాసుకునే గోపి, తువ్వాలు గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దానిమీద బస్తా ఎత్తుకుని నడిచాడు. ఒకటి, రెండు, పది, ముప్ఫై. ఎవరూ ఆపమనలేదు కాబట్టి ఆపలేదు.

"మీ అల్లుడు చాలా కష్టజీవండీ, ఆయ్" అన్నాడు మేస్త్రి సత్తిబాబు, ప్రసన్న నాన్నతో.

ప్రసన్న అతని చెప్పులు దాచింది. అతను వెతకలేదు. ఉత్తికాళ్ళతో వెళ్ళిపోయాడు. కాఫీలో ఉప్పు వేసింది. తాగి గ్లాసు బోర్లించాడు. ఎదురుగా నిలబడి, "ఏం బావా, నన్ను తిట్టవా? ఒక్కసారి తిట్టు" అంది.

అతను ఆమె వైపు చూశాడు. కొండమీద అతను చెయ్యి చాపి చూపించినప్పుడు గోదారి ఎంత దూరంలో ఉందో, ఆ చూపు అంత దూరంలో ఉంది.

"ఇక్కడంతా చదునుగా ఉంది," అన్నాడు. "రాళ్ళు లేవు. బాగుంది."

ఒక్కసారి కూడా 'రొయ్యా' అనలేదు.

సుమకి చెప్పింది. "పెళ్ళి టెన్షనే నీకు" అంది సుమ. తల్లికి చెప్పింది. "వాడు మారితే నీకు కష్టమొచ్చిందా?" అంది తల్లి. శుభలేఖలు అచ్చయి వచ్చాయి.

పన్నెండో రోజున, కొండనించి వచ్చినప్పట్నించీ మూలపడి ఉన్న సంచిని ఉతుకుదామని తీసింది. డబ్బాలో పులిహోర బూజు పట్టింది. దానికింద తువ్వాలు, చుట్టినది చుట్టినట్టే. విప్పింది.

రాయి. దానిమీద ఎర్ర బొట్టు.

అక్కడే, స్నానాలగదిలో, తడినేలమీద కూర్చుండిపోయింది. చేత్తో పట్టుకుని రొయ్యల లెక్క చెప్పే మనిషి. ఆరోజు చీకట్లో చేతికి తగిలినది గుట్టలోని రాయని తెలుసుకోలేకపోయింది. బావని సంచిలో వేసుకుని తెస్తానని అత్తకి మాటిచ్చింది. తెచ్చింది. పన్నెండు రోజులుగా బూజుపట్టిన డబ్బాకింద పెట్టింది.

రాయి వెచ్చగా ఉంది. ఇప్పటిదాకా ఎవరో గుప్పెట్లో పట్టుకున్నట్టు.

దుర్గాప్రసాద్ దగ్గర నంబరు తీసుకుని లచ్చిరెడ్డికి ఫోన్ చేసింది. సిగ్నల్ కోసం ఆయన ఎక్కడెక్కడికో నడిచి మాట్లాడాడు.

"నాకు అప్పుడే తెలుసమ్మా. చెప్పేందుకు నోరు రాలేదు. రోజూ పొద్దుగూకే వేళ పైనించి అరుపు వినిపిస్తోంది. రొయ్యా... రొయ్యా... అని. మా పిల్లలు అడుగుతున్నారు, కొండమీద రొయ్యలెక్కడివని."

ప్రసన్న నోట్లో చీరకొంగు కుక్కుకుంది.

"ఉన్నాడాండీ? బతికే ఉన్నాడా?"

"మొదట్లో గట్టిగా వినపడేది. ఇప్పుడు సన్నబడిపోయింది. పైన తిండేముంది, నీళ్ళేమున్నాయి? నువ్వు తొందరగా రా. ఆ రాయి నువ్వే పెట్టాలి, ఇంకెవరు పెట్టినా చెల్లదు. పెడితే దిగొస్తాడు. నడవగలిగితే..."

"మరి... ఇక్కడున్నది?"

లైను గరగరలాడింది. ఆయన చెప్పినదాంట్లో ఒక్కటే ముక్క వినబడింది.

"దానికి చెప్పకు."

*

ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరాలనుకుంది. కాకినాడలో ఉన్న స్నేహితురాలికి శుభలేఖ ఇచ్చొస్తానని రాత్రే ఇంట్లో అబద్ధం చెప్పి పెట్టుకుంది. రాయిని తువ్వాల్లో చుట్టి సంచి అడుగున పెట్టింది. అద్దం ముందు నిలబడి జడ వేసుకుంది. ఎర్ర బొట్లు పెట్టుకోవడం మానేసి పన్నెండు రోజులైంది. అట్టలోంచి ఆకుపచ్చది తీసి అంటించుకుంది. గట్టిగా నొక్కింది.

'బావా, వస్తున్నా. తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. నడుచుకుంటూ రా చాలు.'

చప్పుడు కాకుండా తలుపు తీసింది. బయట గోదారిమీంచి లేచిన మంచు వీధంతా కమ్మేసి ఉంది. ఎదురింటి గేటు కూడా కనిపించడం లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, వేళ్ళమీద నడుచుకుంటూ, వాకిలి దాటింది.

తడిసున్నం వాసన.

గేటు అవతల నిలబడి ఉన్నాడు. ఉత్తికాళ్ళు. నిటారు మెడ. జుట్టునిండా మంచు బొట్లు. ఎంతసేపట్నించి నిలబడ్డాడో.

"ప్రసన్నా," అన్నాడు.

ఆమె సంచిని గుండెకి హత్తుకుంది. "నేను... కాకినాడ వెళ్తున్నా బావా. శుభలేఖ..."

"కొండకేగా."

కొండనించి వచ్చాక మొదటిసారి అతను నవ్వాడు. పళ్ళ సందుల్లో తెల్లగా ఏదో ఉంది. సున్నంలా.

"పద. నేనూ వస్తాను. నిన్ను మోసుకెళ్తాను." కుడిచెయ్యి గేటు మీంచి ముందుకి చాపాడు. పిడికిలి బిగించి ఉంది. "నీ రాయి పైన గుట్టలో నేను పెడతాలే."

వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

అరచేతిలో రాయి. గుండ్రంగా, నున్నగా, అప్పుడే వాగులోంచి తీసినట్టు నీళ్ళు కారుతూ. దానిమీద ఆకుపచ్చ బొట్టు.

ప్రసన్న చెయ్యి దానంతటదే పైకి లేచి నుదురు తడుముకుంది.

ఖాళీగా ఉంది.